సైట్‌కీ నీటికాసులకీ ఏంటి సంబంధం?

నాకు ఏడో క్లాసులో సైట్ వచ్చింది. ఇప్పుడు రెండు కళ్లకీ మైనస్ ఆరున్నర. ఇన్నేళ్లూ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల కింద ఉండే కళ్లజోళ్ల షాపులోనే పవర్ చెక్ చేయించుకుని అద్దాలు మార్చుకుంటూ వచ్చాను. మొన్న సెలవుల్లో అమ్మ పట్టుబట్టి పంజాగుట్టలో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. కారణం మా తాతయ్య. ఆయనకి నీటికాసులు, అంటే గ్లకోమా, ఉందని తెలిసేసరికే ఒక కంటి చూపు చాలావరకు పోయింది.

స్కాన్ రిపోర్టులో నా ఎడమ కన్ను దగ్గర ఎర్ర రంగు కనిపించింది. భయమేసింది. ఆ భయంతో చదివి, డాక్టర్‌గారిని అడిగి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. సైట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అది ఇంకా సాగి ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ పడుతుంది. కంటి వెనక నుంచి దాదాపు పది లక్షల నరాల పోగులు జల్లెడలాంటి పొర గుండా మెదడుకి వెళ్తాయి. కన్ను సాగినప్పుడు ఆ జల్లెడా, దాని చుట్టూ గోడా పల్చబడతాయి. అందుకే మామూలు ప్రెషర్‌ని కూడా నరం తట్టుకోలేకపోవచ్చని ఒక వివరణ. కంటి ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఆ లోపల ఉన్నా గ్లకోమా రావచ్చు.

ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ స్టడీలో 49 ఏళ్లు, ఆపైన ఉన్న 3,654 మందిని పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించారు. సైట్ లేనివాళ్లతో పోలిస్తే, మైనస్ మూడు లోపు ఉన్నవాళ్లలో గ్లకోమా ఆడ్స్ రెండింతల పైన, అంతకు మించి ఉన్నవాళ్లలో మూడింతల పైన తేలాయి. సైట్ ఉన్న అందరికీ వస్తుందని కాదు, చాలామందికి రాదు.

ఇక మన దగ్గర. పంజాగుట్టకి దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లో, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉంది. వాళ్లు 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో హైదరాబాద్‌లోనూ పల్లెల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్లలో ఎక్కువమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలీదు. ఎందుకంటే మామూలుగా నొప్పి ఉండదు. ముందు పక్క చూపు పోతుంది, ఆ ఖాళీల్ని మెదడు పూడ్చేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది మందులతోనో ఆపరేషన్‌తోనో కాపాడుకోవచ్చు.

మరి నా రిపోర్టులో ఎరుపు? ఇది మన సీఎస్ఈ వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. ఆ మెషీన్ నా నరాల పొర మందాన్ని తన దగ్గరున్న నార్మల్ డేటాతో పోలుస్తుంది. మామూలుగా అలాంటి డేటాలో ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు తక్కువ. కాబట్టి జబ్బు లేకపోయినా ఎరుపు రావచ్చు.

"జబ్బని చెప్పలేను, కాదని కూడా ఇప్పుడే చెప్పను నాన్నా. ఫీల్డ్ టెస్ట్ బాగుంది, ప్రెషర్ 16. ఏడాదికోసారి రా, ఈ రిపోర్టుతోనే పోల్చి చూద్దాం" అన్నారు డాక్టర్‌గారు.

లేసిక్ చేయించుకుంటే సరిపోతుంది కదా అని అడిగాను. అద్దాలు పోతాయి గానీ సాగిన కన్ను పొట్టిదవదట. పైగా కార్నియా పల్చబడి ప్రెషర్ అసలు కన్నా తక్కువగా చూపిస్తుంది. చేయించుకున్నవాళ్లు ఆ మాట ప్రతి డాక్టర్‌కీ చెప్పాలి. స్టెరాయిడ్ చుక్కలు కూడా సొంతంగా కొని వేసుకోకూడదు, వాటితో ప్రెషర్ పెరగొచ్చు.

మన క్లాసులో సగం మందికి అద్దాలున్నాయి. ఈసారి పవర్ చెక్‌తో ఆగకుండా ప్రెషర్, నరం కూడా చూడమనండి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయేమో ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి.