గడ్డి కట్టను చూసి ట్రాక్టర్ ఎంచుకోండి

యాసంగి కోతలు దగ్గరపడ్డాయి. నిజామాబాద్, కరీంనగర్ వైపు హార్వెస్టర్ మడి దాటిన రెండు మూడు రోజులకే గడ్డి కట్టలు కట్టే బేలర్లు దిగుతాయి. గోదావరి డెల్టాలో దాళ్వా కోతలప్పుడూ ఇదే సందడి. ఈ పని కోసం కొత్త ట్రాక్టర్ తీసుకోవాలనుకునే రైతులు చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. 50 హెచ్‌పీ దాటిన బండి, ఏసీ క్యాబిన్, ముందు లోడర్, మూడూ కలిపి తీసుకోవచ్చా అని. ముందు మీరు కట్టబోయే కట్ట ఎంతదో చెప్పండి. మిగతా లెక్కలన్నీ దాన్ని బట్టే తేలతాయి.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది చిన్న గుండ్రటి కట్ట. దాదాపు 60 సెంటీమీటర్ల మందం, 90 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఎండిన వరిగడ్డి అయితే 15 నుంచి 25 కిలోలు తూగుతుంది. దీన్ని కట్టే బేలర్‌ను 35-45 హెచ్‌పీ ట్రాక్టర్ హాయిగా లాగుతుంది. నాలుగు పలకల కట్ట కట్టే బేలర్ సంగతి వేరు. దాని లోపల ఒక దిమ్మ ఆగకుండా ముందుకూ వెనక్కీ గుద్దుతూ గడ్డిని అదుముతుంది. ప్రతి దెబ్బకూ ట్రాక్టర్ ఊగుతుంది. అందుకే 50 హెచ్‌పీకి తగ్గకుండా శక్తి ఒక్కటే కాదు, బండికి బరువు కూడా కావాలి. తేలిక బండికి ఆ బేలర్ తగిలిస్తే డ్రైవర్ నడుముకూ గేర్‌బాక్సుకూ ఒకేసారి నొప్పి మొదలవుతుంది.

ఇక బోనెట్ మీద రాసి ఉండే హెచ్‌పీ ఇంజిన్‌ది. బేలర్‌ను తిప్పేది ట్రాక్టర్ వెనక ఉండే పీటీఓ షాఫ్టు. అక్కడికి వచ్చేసరికి శక్తి పదో వంతుకు పైగానే తగ్గవచ్చు. కాబట్టి డీలరును పీటీఓ హెచ్‌పీ ఎంత అని అడగండి. నోటిమాట మీద నమ్మకం కుదరకపోతే, మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ల పరీక్షా సంస్థ ఆ మోడల్‌కు ఇచ్చిన పరీక్షా నివేదిక చూపించమనండి. పీటీఓ దగ్గర ఎంత శక్తి వచ్చిందో, గంటకు ఎంత డీజిల్ తాగిందో అందులో అంకెలతో ఉంటుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. యంత్రాల మీద శిక్షణ కావాలనుకునే యువకులు అక్కడికి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను.

హెచ్‌పీ కన్నా క్లచ్ ముఖ్యమంటే కొందరు నమ్మరు. గుండ్రటి బేలర్ ఎలా పనిచేస్తుందో ఒకసారి గమనించండి. గడ్డి చుట్టుకుంటూ లోపల గది నిండుతుంది. నిండగానే బండి ఆగాలి, బేలర్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. అప్పుడే పురికొస చుట్టుకుని కట్ట బిగుస్తుంది. క్లచ్ తొక్కగానే చక్రాలతో పాటు పీటీఓ కూడా ఆగిపోయే బండైతే ప్రతి కట్ట దగ్గరా తంటాలే. గేరు న్యూట్రల్‌కు తెచ్చి, మళ్లీ పీటీఓ అందుకుని, మళ్లీ గేరు వేసుకోవాలి. రోజుకు వందల కట్టలు కట్టేవాడికి ఇదే సగం అలసట. కనీసం డబుల్ క్లచ్ ఉండాలి. వేరే మీటతో నడిచే ఇండిపెండెంట్ పీటీఓ అయితే ఇంకా మేలు. గడ్డి వరస మందంగా ఉన్నచోట పీటీఓ నిమిషానికి 540 చుట్లకు తగ్గకుండా బండి మాత్రం గంటకు రెండు మూడు కిలోమీటర్ల నెమ్మదితో నడవాలి. అంత చిన్న గేరు ఉందో లేదో కూడా చూసుకోండి.

50 హెచ్‌పీ గీత దాటేముందు ఇంకొకటి ఆలోచించాలి. 2023 జనవరి 1 నుంచి ఆ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో పాత మెకానికల్ పంపు బదులు ఎక్కువగా కామన్ రైల్ ఇంజిన్లు, సెన్సార్లు వచ్చాయి. ఇవి మంచి ఇంజిన్లే. కానీ డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉంచిన డీజిల్, నీళ్లు కలిసిన డీజిల్ వీటికి పడదు. ఊరి మెకానిక్ స్పానరుతో తేలే పని కూడా కాదు. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కంపెనీ మనిషి ఎన్ని గంటల్లో పొలానికి రాగలడో ముందే కనుక్కోండి.

క్యాబిన్ సోకు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఏప్రిల్ ఎండలో బేలర్ వెనకాల లేచే దుమ్ములో పది గంటలు కూర్చున్నవాడి దగ్గు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. బూజు పట్టిన గడ్డి దుమ్ము పదేపదే పీలిస్తే ఊపిరితిత్తులు వాచే జబ్బు ఒకటి ఉంది. వైద్యులు దానికి రైతు ఊపిరితిత్తి అనే పేరే పెట్టారు. తలుపులు మూసి, ఫిల్టర్ రోజూ దులిపితే క్యాబిన్ ఈ దుమ్మును చాలావరకు ఆపుతుంది. తలుపు తెరిచి నడిపితే పెట్టిన డబ్బు దండగే. కొనేముందు సీట్లో కూర్చుని మెడ వెనక్కి తిప్పి చూడండి. బేలర్ నోరు, గడ్డి వరస రెండూ అద్దంలోంచి స్పష్టంగా కనిపించాలి. క్యాబిన్ ఎత్తు కొలిచి మీ షెడ్డుకూ, దారిలోని మామిడి కొమ్మలకూ, పొలం మీది కరెంటు తీగలకూ సరిపోతుందో లేదో చూడండి. క్యాబిన్‌కు డబ్బు చాలకపోతే గొడుగు పందిరి, కళ్లద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. ముఖానికి కట్టుకునే తువ్వాలు సన్నటి దుమ్మును ఆపదు.

లోడర్ దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోమంటాను. 20 కిలోల కట్టను ఇద్దరు మనుషులు ట్రాలీలోకి విసురుతారు. దానికి లోడర్ ఎందుకు? నాకు తెలిసిన ఒక యువరైతు ఉత్సాహంగా లోడర్ పెట్టించుకున్నాడు. రెండు సీజన్లు పేడ ఎత్తడానికి తప్ప అది పనికిరాలేదు, వాయిదాలు మాత్రం కట్టాడు. పెద్ద డెయిరీకో, గడ్డి డిపోకో వేల కట్టలు పేర్చాల్సి ఉంటే, ఒక్కసారికి ఎనిమిదో పదో కట్టలు పట్టే కొక్కేలు అమర్చగలిగితే, అప్పుడు లోడర్ గిట్టుబాటవుతుంది. అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ బండే తీసుకోండి. బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది కాబట్టి వెనక బరువు దిమ్మలు కట్టాలి, లేకపోతే వెనక చక్రాలు తేలిపోతాయి. గేరు మార్చకుండా ముందుకూ వెనక్కీ పోయే షటిల్ మీట ఉంటే రోజు చివర చెయ్యి బతుకుతుంది. కట్టలు ఎత్తి పట్టుకుని నడపకూడదు. నేలకు మూరెడు ఎత్తులో ఉంచి నడిపి, పేర్చే చోటే ఎత్తాలి. యాసంగిలో గట్టిగా ఉన్న మడి నవంబరు కోతలకు బురదగా ఉంటుంది. క్యాబిన్, లోడర్ కలిసిన ఆ బరువుకు రేగడి మడిలో చక్రాలు దిగబడతాయి.

అందుకే నా ఎంపిక ఇది. సొంత గడ్డికీ, చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ల కిరాయికీ అయితే 45 హెచ్‌పీ, డబుల్ క్లచ్, గుండ్రటి బేలర్. రెండు సీజన్లూ జిల్లా తిరిగి కిరాయి చేసేవాళ్లకు 55 హెచ్‌పీ, ఏసీ క్యాబిన్. లోడర్ తర్వాతి ఏడు చూసుకోవచ్చు. అయితే లోడర్ బిగించడానికి చట్రం మీద చోటు, తగిన హైడ్రాలిక్ పంపు ఉన్న మోడల్ ఎంచుకుంటే మళ్లీ బండి మార్చే పని ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లు, బేలర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్లో ఆ రేటే వేశారో లేదో చూడండి. బేలర్ మీద సబ్సిడీ సంగతి మండల వ్యవసాయాధికారిని అడగండి.

పనిలోకి దిగాక రెండు జాగ్రత్తలు. సైలెన్సర్ చుట్టూ, రేడియేటర్ జాలీలో చేరే గడ్డి నలుసును పూటకోసారి తీసేయండి. బండి మీద మంటలార్పే సిలిండర్ ఉంచండి. 540 చుట్లంటే పీటీఓ షాఫ్టు సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. కండువా కొస తగిలితే చెయ్యి లాక్కునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద తొడుగు లేని బేలర్‌ను పొలంలోకి రానివ్వకండి. గడ్డి ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

అడ్వాన్సు ఇచ్చేముందు డీలరును మీ మడికే రమ్మనండి. అదే బేలర్ తగిలించి అరెకరం కట్టించండి. మధ్యలో మీరే సీటెక్కి ఇరవై కట్టలు కట్టి చూడండి. డెమోకు రానన్న చోట చెక్కు రాయకండి.