క్రీడాసంఘమునకు కార్యకర్తలను సంపాదించుట

వాలీబాలు ఆటకు ఒక్కొక్క పక్షమున ఆరుగురు చాలుదురు. కాని యా పండ్రెండుమంది సాయంకాలము వచ్చి యాడుటకు ముందు మైదానమున సున్నపుగీతలు గీయువాడును, వల కట్టువాడును, బంతిలో గాలి చూచువాడును, మైదానము వాడుకొనుటకు అనుమతి తెచ్చువాడును, చందాలు వసూలుచేసి రసీదు లిచ్చువాడును ఉండవలెను. మన పట్టణములలోని పెక్కు సంఘములయందు ఈ యైదుగురును ఒక్కరే. ఆయననే కార్యదర్శి యందురు. ఆయన గుణగణములను వర్ణించుట మా యుద్దేశము గాదు. ఆయనకు తోడు దొరకకుండుటకు కారణమేమి, దొరకించుకొను మార్గమేమి యని మాత్రమే యిచట విచారింపదలచితిమి.

ఆ కార్యదర్శి ప్రభుత్వోద్యోగి యనుకొందము. వేసవిలో ఆయనకు బదిలీ యైనది. మూటముల్లె సర్దుకొని కుటుంబముతో వెడలిపోయెను. జూలైలో జిల్లాపోటీలకు ప్రవేశపత్రములు పంపవలెను. అవి యెవరికి పంపవలెనో ఆయన కొక్కనికే తెలియును. బ్యాంకులో సంఘము పేర కొంత ధనమున్నది. తీయుటకు ఆయన సంతకమే కావలెను. వలలును బంతులును ఉన్న గది తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యెవరును చెప్పజాలరు. రెండునెలలు గడచునప్పటికి మైదానమున పిచ్చిమొక్కలు మొలచును. ఆఱునెలలకు ఎవరో ఇసుక, కంకర తెచ్చి పోయుదురు. ఆడుకొనుచుండిన యిరువదిమంది బాలురు వీథి యరుగులమీద కూర్చుందురు. అచట లోపించినది ఆటగాండ్రు గారు, ధనమును గాదు. కార్యదర్శి ప్రక్కన మఱి యిద్దరు మనుష్యులు లేకపోయిరి, అంతియే.

చట్టము సహితము ఒక్కని సంఘమును అంగీకరింపదు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సంఘముల రిజిస్ట్రేషను చట్టము ననుసరించి సంఘము నేర్పఱచుటకు ఏడుగురికి తక్కువ కాకుండ ఉండవలెను. ఏటేట కార్యవర్గసభ్యుల పట్టికను రిజిస్ట్రారునకు సమర్పింపవలెను. కాగితముమీద ఏడు పేర్లు వ్రాయుట కష్టము గాదు. బావమఱది పేరు, పొరుగింటివాని పేరు, ఊరిలోని పెద్దమనుష్యుని పేరు వ్రాసినచో పట్టిక నిండును. పని మాత్రము నిండదు.

ఇక వార్షిక సమావేశమును చూతము. జమాఖర్చులు చదివిరి. కార్యదర్శి లేచి, "మాకు సహాయము కావలెను, ఉత్సాహముగలవారు ముందుకు రండి" యని పలికెను. అందఱును తలలు వంచి టీకప్పులు చూచుకొందురు. ఒకరు దగ్గుదురు. తుదకు ఎవరో "పాతవారే కొనసాగవలెను" అని ప్రతిపాదింతురు, చప్పట్లు మ్రోగును. ఇంటికి పోయినపిమ్మట కార్యదర్శి, "ఈ యూరిలో సేవాబుద్ధి నశించినది" అని నిట్టూర్చును. ఈ నిట్టూర్పు న్యాయమైనది గాదని మా యభిప్రాయము. చప్పట్లు కొట్టినవారు చెడ్డవారు గారు. వారిని అడిగిన తీరే చెడ్డది.

దీనికి దృష్టాంతముగ 1968లో అమెరికాదేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు జాన్ డార్లీ, బిబ్ లటానే అనువారు ప్రకటించిన యొక పరిశోధనను చెప్పెదము. విద్యార్థులను వేర్వేరు గదులలో కూర్చుండబెట్టి యంత్రముద్వారా పరస్పరము మాటలాడించిరి. నడుమ నొక కంఠము మూర్ఛవచ్చినట్లు ఆర్తనాదము చేసెను. అది ముందుగా రికార్డు చేసి యుంచినది. తానొక్కడే వినుచున్నానని తలచినవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ముగియకమునుపే పరుగెత్తి సహాయమునకై చెప్పిరి. మఱి నలుగురుకూడ వినుచున్నారని తలచినవారిలో అట్లు చేసినవారు నూటికి 31 మంది మాత్రమే. వారి హృదయములు రాళ్లు గావు; "ఇంకొకరు చూచుకొందురు" అను తలంపు వారి కాళ్లను పట్టినది. సభలో వందమందిని ఉద్దేశించి చేసిన మనవికిని ఇదియే గతి. వాట్సాపు గుంపులో పంపిన మనవికి ఇంకను హీనమైన గతి: ముప్పదిమంది బొటనవ్రేలి గుర్తు పెట్టుదురు, మఱునాడు మైదానమునకు ఒక్కరును రారు.

రెండవ కారణము మఱింత ముఖ్యమైనది. "కార్యదర్శి" అను నొక్కమాటలో ఎన్ని పనులున్నవో, ఎన్ని గంటలు పట్టునో, ఎన్నినాళ్లు చేయవలెనో అడిగినవారు చెప్పరు. అడుగబడినవాడు తన కన్నులయెదుట పాతకార్యదర్శి పడిన పాట్లను చూచియున్నాడు. పదిసంవత్సరములు ఇల్లాలిచేత మాటలు పడినవానిని చూచియున్నాడు. ఒప్పుకొన్నచో ఇక విడుదల లేదని యాతని భయము. ఆ భయమునకు ఆధారము లేకపోలేదు.

కావున మొదట చేయవలసినది పనిని ముక్కలు చేయుట. మైదానపు పని యొకటి. పోటీల కార్యక్రమము వ్రాసి ఇతర సంఘములతో మాటలాడుట యొకటి. చందాలు, రసీదులు, బ్యాంకు ఒకటి. సమావేశముల తీర్మానములు పుస్తకమున వ్రాయుట యొకటి. చిన్నపిల్లలను పొరుగూరి పోటీలకు తీసికొనిపోవుట యొకటి. గాయములకు మందుపెట్టె చూచుకొనుట యొకటి. ఒక్కొక్కదానిని అరకాగితముమీద వ్రాసి, వారమునకు ఇన్ని గంటలు, ఫలానా నెలవఱకు అని క్రింద చేర్చవలెను. పెద్దపెద్ద బిరుదులతో పదునైదుగురిని కార్యవర్గమున చేర్చుట కంటె ఇది మేలు. తాడులాగు పందెమును గూర్చి ఫ్రాన్సుదేశపు వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు రింగెల్మాన్ 1913లో ప్రకటించిన లెక్కలనుబట్టి, ఎనమండుగురు కలిసి లాగినపుడు ఒక్కొక్కని లాగుడు తానొంటరిగా లాగినదానిలో ఇంచుమించు సగమునకు దిగిపోయెను. పేరు లేని పనికి పదునైదుగురున్నను అంతే.

ముక్కలు చేసిన పని యెంత చిన్నదిగా, ఎంత ముచ్చటగా నుండునో చూపుటకు సున్నపుగీతల పనినే తీసికొందము. వాలీబాలు మైదానము 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. కంటితో చూచి గీసినచో మూలలు వంకరపోవును. కొలతాడుతో కర్ణమును కొలువవలెను. 18 వర్గము 324, 9 వర్గము 81, రెండును కలిసి 405. దాని వర్గమూలము 20.12. రెండు కర్ణములును 20 మీటర్ల 12 సెంటిమీటర్లు వచ్చినయెడల నాలుగు మూలలును లంబకోణములే. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఇద్దరు శనివారమునాడు ఒక గంటలో దీనిని చేయగలరు. అట్టివారిని "మైదాన కార్యకర్తలు" అని తీర్మానపుస్తకమున పేర్లతో వ్రాసినచో, రేపటి కార్యదర్శులు అచటనే తయారగుదురు. గణితోపాధ్యాయులకును సంతోషము.

ఇక నెవరిని అడుగవలెను? తీరికగలవారిని వెదకుట వృథా. తీరికగలవారు సాధారణముగా తీరికనే ప్రేమింతురు. ఇప్పటికే ఆ పని యెఱిగినవారిని వెదకవలెను. కంచెకు ఆవల స్కూటరుమీద కూర్చుండి కుమారుని యాట ముగియువఱకు వేచియుండు తండ్రి వారమునకు మూడుమారులు వచ్చుచునే యున్నాడు. గంటసేపు ఊరక కూర్చుండువానికి ఆట ఫలితములు వ్రాయు పుస్తకము చేతికిచ్చిన బరువు గాదు. మోకాలు దెబ్బతిని యాట మానిన పాతయాటగాడు రిఫరీ పని నేర్చుకొనవచ్చును. అడిగినవారు లేక దూరమైనవాడే గాని ఆటపై ప్రేమ తగ్గినవాడు గాడు. కిరాణా వర్తకునకు సరకు లెక్కవ్రాయుట ఉగ్గుబాలతో వచ్చిన విద్య.

కోశాధికారి విషయమున మా మాట కొందఱికి వింతగా తోచవచ్చును. మన రెండు రాష్ట్రములలోను ఊరూర పొదుపు సంఘములున్నవి. డ్వాక్రా సంఘములని జనులు పిలుచునవి. పది పదునైదుగురు స్త్రీలు చేరి, నియమము తప్పక కూడి, తీర్మానములు వ్రాసి, పొదుపును అప్పులను వాయిదాలను పుస్తకమున నెక్కించి, బ్యాంకునకు పోయి వచ్చుచున్నారు. లెక్కలో పది రూపాయలు తేడా వచ్చినయెడల సమావేశము ముగియనీయరు. అదే వీథిలోని క్రీడాసంఘము కోశాధికారి దొరకలేదని దుఃఖించుచుండును! ఆ తల్లుల బిడ్డలే యచట ఆడుచున్నారు. వారిని అడుగకుండుటకు కారణము, క్రీడాసంఘము పురుషుల వ్యవహారమను పాతతలంపు తప్ప మఱియొకటి మాకు కనబడదు. తల్లి కార్యవర్గమున నున్నచోట బాలికలును ధైర్యముగా ఆటకు వత్తురు. ఈ లాభము లెక్కలలో చేరదు గాని చిన్నది గాదు.

అడుగు విధమును గూర్చి ఒకమాట. సభలో గాదు, ఇంటికి పోయి ఒక్కరి నొక్కరే అడుగవలెను. "మాష్టారూ, డిసెంబరు పోటీలకు పిల్లల పేర్లు వ్రాసికొని, వయస్సు ధ్రువపత్రములు చూచువారు కావలెను. మూడు దినములు, సాయంకాలము రెండేసి గంటలు. మీరు పదవతరగతి పట్టికలు ముప్పదియేండ్లు వ్రాసినవారు. అందుచేత మీయొద్దకే వచ్చితిమి." ఇందులో పని యున్నది, కాలపరిమితి యున్నది, ఆయననే యేల అడిగితిమో యున్నది. కాదనుటకును అవకాశ మీయవలెను. మొగమాటముచేత ఒప్పుకొన్నవాడు పోటీ ముందుదినమున జ్వరమని కబురుపంపును. కాదన్నవారిని "మఱి యెవరిని అడుగమందురు?" అని యడిగినచో తఱచుగా మంచిపేరు చెప్పుదురు, తప్పించుకొన్నందుకు పరిహారము కాబోలు.

అయినను వచ్చినవారి నందఱను కన్నులు మూసికొని చేర్చుకొనరాదు. పిల్లలతో ఒంటరిగా నుండవలసిన పనికి, ప్రయాణములకు, ఊరివారికి బాగుగా తెలిసినవారినే, అదియును ఇద్దఱిద్దఱుగా నియమింపవలెను. ధనమునకు రెండు సంతకములు తప్పనిసరి. ఇది ఎవరినో అనుమానించుట గాదు. ఒకరు ఊరు విడిచినను రెండవవారుందురు. ఇక శాలువలకును ఫోటోలకును మాత్రము వచ్చు పెద్దలకు "గౌరవాధ్యక్షులు" అను పీఠమిచ్చి నమస్కరించుట మంచిది. పని పట్టికలో వారిని లెక్కింపకున్న చాలును.

కార్యదర్శి పని యాటకంటె తక్కువదని బాలురు తలతురు గావున చరిత్రను కొంచెము చూడుడు. చార్లెస్ ఆల్కాక్ 1870 మొదలు 1895 వఱకు ఇంగ్లండులోని ఫుట్‌బాల్ అసోసియేషనునకు కార్యదర్శి. 1871లో ఆయన చేసిన ప్రతిపాదనవలననే ఎఫ్.ఎ. కప్పు పుట్టినది, మొదటియేట పేరిచ్చినవి 15 సంఘములు. బర్మింగ్‌హామున బట్టలకొట్టు నడపుకొనుచు ఆస్టన్ విల్లా కార్యవర్గమున పనిచేసిన విలియమ్ మెక్‌గ్రెగర్ 1888 మార్చిలో కొన్ని సంఘములకు ఒక జాబు వ్రాసెను. ఆ సంవత్సరమే 12 సంఘములతో ఫుట్‌బాల్ లీగు ఆరంభమాయెను. అంతదూరము పోనేల? సయ్యద్ అబ్దుల్ రహీముగారు హైదరాబాదున బడిపంతులు. 1940వ దశకమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1963లో కాలధర్మము నొందువఱకు ఆ పని విడువలేదు. 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారతజట్టును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానము పొందిన జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు ఆయనయే. 2024లో ఆయన కథ "మైదాన్" అను హిందీ చలనచిత్రముగా వచ్చినది.

రహీముగారు అన్నియేండ్లు ఉండిరి గదా, మీరు కాలపరిమితి యనుచున్నారేమి యని చదువరులు అడుగవచ్చును. అట్టివారు తరమున కొకరు దొరకుదురు. వారికొఱకు నియమములు వ్రాయనక్కఱలేదు. మనవంటివారికి మూడేండ్లు చాలును. మొదటి రెండేండ్లు తాను చేసి, మూడవయేట ప్రక్కన సహాయకార్యదర్శిని నిలుపుకొని, అతనిచేతనే జాబులు వ్రాయించి, పోటీల అధికారులకు అతనిని స్వయముగా పరిచయము చేయవలెను. దిగిపోవు దినమున అప్పగింపవలసినవి: తీర్మానపుస్తకము, చందా పుస్తకము, వాడని రసీదులు, బ్యాంకు పుస్తకము, సంఘముద్ర, రిజిస్ట్రేషను పత్రము, మైదానపు అనుమతి జాబు, ఆటగాండ్ర వయస్సు పత్రముల నకళ్లు, ఫోను నంబర్ల పట్టిక, గది తాళపుచెవులు రెండు. అప్పగించినట్లు ఇద్దరును సంతకములు చేయవలెను. కొత్త కార్యదర్శి ఆ సాయంకాలమే తాళము తీసి, బంతులు లెక్కపెట్టుకొనుట మంచిది.