చీరలకి లైట్లు కట్టేవాళ్లకి

ఆనందపురం దారిలో ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని చేనేత ప్రదర్శన పెట్టేవాళ్లు లైట్ల పని చివరి రోజుకి వదిలేస్తారు. ఆ పని మీద పడే కుర్రాళ్లకి నాకు తెలిసినవి చెబుతున్నా.

1. ముందు హాల్లో లైట్లు ఆర్పించండి. అవి పెళ్లి వీడియో కోసం కట్టినవి. చుట్టూ మసకగా ఉంటే చీర మీద కొద్ది వెలుగైనా చాలు.

2. ఎదురుగా కొట్టిన లైటు నేతని మింగేస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరునే చూడండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన నూలు అది. పోగులో సన్నం, లావు తేడాలుంటాయి, దాని అందమే అది. ముందునుంచి స్పాట్ పడితే మిల్లు గుడ్డకీ దానికీ తేడా తెలీదు. అదే లైటుని పైన ఓ పక్కకి జరిపి, వెలుగు గుడ్డని రాసుకుంటూ కిందికి దిగేలా తిప్పండి. ఒక్కో పోగు పక్కన సన్నటి నీడ లేస్తుంది. చూసేవాళ్ల చెయ్యి దానంతటదే గుడ్డ మీదకి పోతుంది, అందుకని తాడు కాస్త దూరంగా కట్టండి! ఉప్పాడ జాందానీకైతే వెనకనుంచి కూడా మెత్తటి వెలుగు కొంచెం రానివ్వాలి. గుడ్డ పలచన, బుటా చిక్కన కాబట్టి పువ్వు తేలి కనిపిస్తుంది.

3. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 90కి తక్కువైన ఎల్ఈడీ వద్దు. ఎరుపు కోసం ఆర్9 అంకె విడిగా అడగండి, లేదంటే కుంకుమ రంగు ఇటుక రంగులా కనిపిస్తుంది. జరీకి 3000 కెల్విన్, తెల్ల ఖద్దరుకి 4000.

4. ఫోన్ కెమెరా పెట్టి చూడండి. తెర మీద చారలు పాకితే ఆ లైట్లు వెనక్కి పంపెయ్యండి.

5. పాత పట్టుకి 50 లక్స్ దాటొద్దు, మ్యూజియాలు పాటించే లెక్క అది. వెలుగు చేసే చెరుపు పోగవుతూ పోతుంది: 100 లక్స్‌లో 5 గంటలున్నా, 50లో 10 గంటలున్నా ఒకటే. ఎల్ఈడీలో అతినీలలోహిత కిరణాలు లేవు కదా అంటారు. మామూలు వెలుగుకీ రంగు వెలుస్తుంది, పసుపుతో అద్దినది అన్నిటికంటే ముందు. స్పాట్‌ని 1 మీటరు నుంచి 2 మీటర్లకి జరిపితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, డిమ్మర్ లేకపోతే అదే దారి.

అమ్మమ్మ పెళ్లిపట్టు ప్రదర్శనకిచ్చినావిడ వచ్చి ‘‘మా చీర సరిగ్గా కనపడట్లేదు, ఇంకో లైటు వెయ్యి బాబూ’’ అంటుంది. ‘‘అలాగేనమ్మా’’ అని, పక్క చీర మీద లైటు తగ్గించండి.