నాచు పట్టిన కవరు

భీమిలి తీరం. తెల్లవారింది. వల ఒడ్డుకు వచ్చింది. అత్తా కోడలూ చేపలు ఏరుతున్నారు. చేపలతో పాటు కవర్లు, సీసాలు కూడా వచ్చాయి.

కోడలు ఒక కవరు తీసింది. అది చేతిలోంచి జారింది.

"ఏటత్తా ఇది? ఇంత జిగురుగా ఉంది!"

"నీళ్ళల్లో నానితే నాచు పట్టదా అమ్మా? మన పడవ అడుగున పట్టట్లేదా?" అంది అత్త.

అత్త మాట నిజం. సముద్రంలో పడిన ఏ వస్తువుకైనా కొద్ది గంటల్లోనే బాక్టీరియా అంటుకుంటుంది. ఇవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఇవి జిగురు పొర కడతాయి. ఆ పొర మీద నాచు పెరుగుతుంది.

ఆకు అయితే కుళ్ళిపోతుంది. ప్లాస్టిక్ కుళ్ళదు. ఏళ్ళ తరబడి తేలుతూ దూరం పోతుంది. సూక్ష్మజీవులకు అదే పడవ. ఒక తీరంలో ఎక్కుతాయి. ఇంకో తీరంలో దిగుతాయి.

అట్లాంటిక్ సముద్రంలో తేలే ప్లాస్టిక్ ముక్కలను శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఒక ముక్క మీద విబ్రియో అనే జాతి బాక్టీరియా చాలా ఉంది. కలరా క్రిమి ఈ జాతిదే. ఈ జాతిలో అన్నీ రోగాలు తేవు. కానీ కొన్ని విరేచనాలు కలిగిస్తాయి. కొన్ని గాయాల్లో చేరి చీము పట్టిస్తాయి.

నాచు పట్టిన ప్లాస్టిక్‌కు తిండి వాసన వస్తుంది. 2020లో సముద్రపు తాబేళ్ళ మీద చేసిన పరీక్షలో ఇది తెలిసింది. అవి కొత్త ప్లాస్టిక్‌ను పట్టించుకోలేదు. పాతదాని వాసనకు మాత్రం ముక్కు పైకెత్తాయి. తిండి అనుకుని మింగితే ప్రాణానికే ముప్పు.

మనం ఏం చేయాలి?

గాయం ఉన్న చేత్తో ఈ చెత్త ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చేపలను మంచినీళ్ళతో కడగాలి. బాగా ఉడికించాలి.

అత్త కవరును మళ్ళీ నీళ్ళలోకి విసరబోయింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తా. రేపు మళ్ళీ మన వలలోకే వస్తాది. గోనెసంచిలో వేద్దాం. చెత్తబండికి ఇద్దాం."

అత్త కాసేపు ఆలోచించింది.

"మరి మనం చేపలు కట్టి ఇచ్చేది కూడా ఈ కవర్లలోనే కదే!"

120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుండి ప్రభుత్వం నిషేధించింది.

"రేపటినుంచి గిన్నె తెచ్చుకోమని చెబుదాం అత్తా."

"బేరం పోతేనో?"

"ఒకళ్ళం చెబితే పోతాది. అమ్మేవాళ్ళం అందరం చెబితే ఎక్కడికి పోతాది?"

ఆలోచించండి, చెప్పండి

1. ప్లాస్టిక్‌ను సూక్ష్మజీవుల పడవ అని ఎందుకు అన్నారు?
2. తాబేళ్ళు ప్లాస్టిక్‌ను ఎందుకు తింటాయి?
3. మీ ఇంట్లోని కవర్లు చివరికి ఎక్కడికి చేరుతున్నాయి?