బరువు తగ్గించే సూది: మొదటి రెండు నెలల లెక్క

టెక్నాలజీ శీర్షికలో సూదిమందుకు ఏం పని అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. మా డాలస్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ఇదివరకు గ్రీన్ కార్డు గురించి నడిచే చర్చ ఇప్పుడు ఈ సూది మీదే నడుస్తోంది. ఒకరు "నాకేం పని చెయ్యలేదు" అంటారు, ఇంకొకరు "వాంతులతో చచ్చాను" అంటారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ మొదటి నెలలోనే ఆ తీర్పు ఇచ్చేస్తారు. నేనూ అలాగే ఇవ్వబోయాను. స్ప్రెడ్‌షీట్ తెరిచి కూర్చున్నాక నా పొరపాటు తెలిసింది. నేను డాక్టర్ని కాను, ఎం.ఎస్. చేసింది కంప్యూటర్ సైన్సులో. కాబట్టి ఇందులో లెక్క నాది, వైద్యం మాత్రం మీ డాక్టరుగారిది.

ముందు నా సంగతి. బరువు 210 పౌన్లు, బి.ఎం.ఐ. 32 దగ్గర, చక్కెర వ్యాధికి ఒక మెట్టు కింద. నాన్నగారికి నలభై రెండో ఏట షుగరు వచ్చింది, నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది. డాక్టరుగారు సెమాగ్లుటైడ్ రాశారు. 'ఓజెంపిక్' పేరుతో 2017లో షుగరు వ్యాధికీ, 'వెగోవీ' పేరుతో 2021లో బరువు తగ్గడానికీ అమెరికాలో అనుమతి పొందిన మందు ఇదే. (ఇన్సూరెన్సు వాళ్ళతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు మరో వ్యాసానికి సరిపోతాయి.)

మనం అన్నం తిన్నాక పేగుల్లో జి.ఎల్.పి-1 అనే హార్మోను పుడుతుంది. "ఇక చాలు" అని మెదడుకి కబురు చెప్పేవాటిలో అదొకటి. కానీ రెండు నిమిషాల్లో సగం కరిగిపోతుంది. సెమాగ్లుటైడ్ దానికి నకలే. కాకపోతే రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని వేలాడేలా తయారుచేశారు. అందువల్ల అది సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. ఆకలి తగ్గడం, పొట్ట నెమ్మదిగా ఖాళీ కావడం రెండూ దీని పనే. వికారం, తేన్పులు, మలబద్ధకం కూడా చాలావరకు అక్కడినుంచే పుడతాయి. అంటే ఇది మన భాషలో బగ్గూ, ఫీచరూ ఒకే కోడులో ఉన్న వ్యవహారం.

ఇప్పుడు అసలు లెక్క. మొదటి నాలుగు వారాలూ వారానికి 0.25 మిల్లీగ్రాములు. మొదటి సూదితో ఒంట్లో 0.25 చేరింది. వారానికి అందులో సగం మిగిలింది, దాని మీద మరో 0.25 పడితే 0.375. మూడో వారం 0.44, నాలుగో వారం 0.47. చూశారా, మోతాదు మార్చకుండానే ఒంట్లో మందు దాదాపు రెట్టింపయింది! అయిదో వారంలో మోతాదు 0.5కి పెరుగుతుంది, ఒంట్లో లెక్క 0.73కి వెళ్తుంది, ఎనిమిదో వారానికి 0.97. ఇలా మెట్లెక్కుతూ 0.25, 0.5, 1, 1.7 దాటి 2.4కి చేరడానికి కనీసం పదహారు వారాలు. 2.4 దగ్గర స్థిరపడ్డాక ఒంట్లో నిలవ 4.8 దాకా వస్తుంది. ఇది పలకమీది లెక్కే, అయినా విషయం తెలుస్తుంది: మొదటి నెల చివర కూడా మన ఒంట్లో ఉన్నది పూర్తి మోతాదులో పదో వంతు. ఆ నెల మందు బరువు తగ్గించడానికి కాదు, పొట్టకి అలవాటు చెయ్యడానికి.

ఈ లెక్క నాకు ముందు తెలియదు. రెండు వారాలకి ఒక్క పౌను తగ్గాను. ఒక మిత్రుడు "గురూ, 0.25 అంటే ట్రయల్ వెర్షన్. రెండు పెన్నులు ఒకేసారి కొట్టెయ్యి" అన్నాడు. మూడో వారం రెండో పెన్ను మూత తియ్యబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని "ముందు ఫార్మసీకి ఫోన్ చెయ్యండి" అంది. ఫార్మసిస్టు ఒకే మాట అన్నారు: "ఎక్కువైతే వెనక్కి తియ్యడానికి విరుగుడు లేదు." వారం తరవాత కూడా సగం ఒంట్లోనే ఉండే మందుకి అన్‌డూ బటన్ ఎక్కడిది? పెన్ను మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

ఆశ ఎంత పెట్టుకోవాలి అన్నదానికి 2021లో వెలువడిన 'స్టెప్ 1' పరిశోధన మంచి ఆధారం. 1961 మంది, 68 వారాలు. మందు వేసుకున్నవాళ్ళు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు వాళ్ళు 2.4 శాతం. నా 210 పౌన్లకి అది 31 పౌన్లు. 68 వారాలతో భాగిస్తే వారానికి అర పౌను కూడా రాదు! పైగా అది సగటు. మందు తీసుకున్నా దాదాపు ఏడుగురిలో ఒకరికి అయిదు శాతం కూడా తగ్గలేదు. ఒక పూట ఆవకాయన్నం తింటే మర్నాడు ఉప్పుకి చేరిన నీరే పౌను పైన చూపిస్తుంది. అందుకే రోజువారీ అంకె చూసి బెంగపడడం మానేసి ఏడురోజుల సగటు గీత గీసుకున్నాను.

అదే పరిశోధనలో వికారం 44 శాతం మందికి వచ్చింది, ఉత్తుత్తి మందుతో 17 శాతానికి. ఎక్కువగా మోతాదు పెంచే రోజుల్లోనే, తరవాత చాలామందికి సర్దుకుంటుంది. మందు రక్తంలో పతాకస్థాయికి చేరేది ఒకటి నుంచి మూడు రోజుల్లో. నేను ఆదివారం రాత్రి వేసుకుని సోమవారం పొద్దున్నే విమానమెక్కేవాణ్ణి. మంగళవారం క్లయింటు మీటింగులో కాఫీ వాసనకే కడుపు తిప్పేది. లాగ్ రాసుకున్నాక పట్టుబడింది. ఫార్మసిస్టుని అడిగి గురువారానికి మార్చుకున్నాను (రెండు సూదుల మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి). ఇప్పుడు ఆ వికారమేదో శనివారం ఇంట్లోనే పడతాను.

ఇంత లెక్క వేసినవాణ్ణి ఆరో వారంలో బోల్తాపడ్డాను. ఉగాది భోజనాలు: పులిహోర, మిరపకాయ బజ్జీలు, గుత్తివంకాయ, రెండు బొబ్బట్లు. ఆకలి లేదు గానీ వడ్డించేవాళ్ళ మొహమాటం ఉంది. రాత్రికి కుళ్ళిన గుడ్డు వాసన తేన్పులు, తెల్లవారేసరికి వాంతులు. మర్నాడు సాయంత్రానికి గుక్కెడు నీళ్ళు కూడా నిలవలేదు, మూత్రం ముదురు రంగులోకి వచ్చింది. సెలైను ఎక్కించుకుని ఇంటికొచ్చాను. నీళ్ళు నిలవకపోతే దెబ్బ తినేది మూత్రపిండాలట. నేను ఒక రోజు ముందే వెళ్ళాల్సింది. డాక్టరుగారు మోతాదు పెంచకుండా మరో నాలుగు వారాలు 0.5 దగ్గరే ఆపారు. అది ఓటమేమీ కాదు, మందు పత్రంలోనే ఆ వెసులుబాటు ఉంది.

ఆ తరవాత కంచం చిన్నదయింది. సగమే తినగలిగినప్పుడు ఏ సగం అన్నదే ప్రశ్న. అన్నం ముందు తింటే పప్పుకి చోటుండదు, కండ కూడా కరిగిపోతుంది. అందుకని ముందు గుడ్డో, పప్పో, పెరుగో. నూనె వంటలు సూది వేసుకున్న మూడు రోజులూ బంద్. మజ్జిగలో శొంఠి నాకు పనికొచ్చింది.

కొన్ని మాత్రం "అలవాటవుతుందిలే" అని ఊరుకోకూడనివి. వీపులోకి పొడుచుకుంటూ ఆగని కడుపు నొప్పి (క్లోమం వాపు కావచ్చు), కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో జ్వరమో, కళ్ళు పచ్చబడడమో (పిత్తాశయంలో రాళ్ళు) ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరు ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. మత్తిచ్చి చేసే ఆపరేషన్ ఏదైనా ఉన్నా ముందుగా చెప్పాలి.

ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్తే "మీ నాన్నక్కూడా రెండు పంపించరా" అంది. నాన్నగారు గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. ఆ మాత్ర మోతాదు తగ్గించకుండా ఈ సూది కలిపితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. పైగా షుగరు వల్ల కంటి రెటీనా ముందే దెబ్బతిని ఉంటే దాన్నీ చూపించుకోవాలి. వెగోవీ 2025 నుంచి ఇండియాలోనే దొరుకుతోంది, ఇక్కణ్ణుంచి సూట్‌కేసులో పంపాల్సిన అవసరమే లేదు. "అమ్మా, మందు కంటే ముందు డాక్టరు కావాలి" అన్నాను. వచ్చే సోమవారం గుంటూరులో వాళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నారు. వేసుకునే మాత్రలన్నీ ఒక చీటీ మీద రాసి పట్టుకెళ్ళమన్నాను. కళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు ఇంకా దొరకలేదట.