అమ్మను, అమ్మమ్మను ఎలా తలచుకోవాలి?

ధమ్మ బంధువులారా, దీక్ష తీసుకున్న మన ఇళ్లలో పెద్ద తగువులు ఎప్పుడొస్తాయి? పెళ్లిళ్లలో కంటే చావుల్లోనే ఎక్కువ. పెళ్లికైతే ముందుగా కూర్చుని మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది. చావు చెప్పి రాదు. ఏడుపులో ఉన్న ఇంట్లో పాత ఆచారం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఈ మాటలు ముందే మాట్లాడుకుందాం.

మా ఇంట్లో జరిగింది

మా అమ్మమ్మది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతయ్య చిన్న వయసులోనే పోతే, నాట్లకు, కలుపులకు, మిరపకోతలకు పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. మా అమ్మ పదో తరగతి పరీక్ష ఫీజు కోసం కాళ్ల కడియాలు అమ్మేసింది. మళ్లీ చేయించుకోలేదు. తర్వాత మనవల్ని కూడా ఆమే సాకింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మేం చదువుకుంటుంటే దీపం పక్కన కూర్చునేది. పేజీ తిప్పిన చప్పుడు వినపడకపోతే "ఏరా, నిద్దరపోయావా?" అని గదమాయించేది.

వేసవి వస్తే వాకిట్లో నీళ్ల కుండ పెట్టేది. పక్కన ఒక గ్లాసు ఉండేది. ఆమె చిన్నప్పుడు ఊరి బావి దగ్గర మనవాళ్లకు పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. అందుకని ఆమె ఎవరికీ దోసిట్లో పోసేది కాదు. ఎవరొచ్చినా గ్లాసుతోనే ఇచ్చేది.

ఆమె పోయినప్పుడు మా మామయ్య నన్ను పక్కకు పిలిచాడు. మాతోపాటే దీక్ష తీసుకున్న మనిషే.

"ఏరా అల్లుడూ, పిండం పెట్టకపోతే కాకి ఎట్లా ముట్టుద్ది? మా అమ్మ ఆకలితో పోయిందని నలుగురూ అనరా?"

నేను ఆరో ప్రతిజ్ఞ చదివి వినిపించాను. శ్రాద్ధం పెట్టకూడదు, పిండదానం చేయకూడదు అని 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన ప్రతిజ్ఞ అది. మన వాడలో ఏనాడూ అడుగుపెట్టని పురోహితుడి శాస్త్రం మనకెందుకని కూడా అడిగాను. మామయ్య ఇంకేం మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

పదకొండో రోజు ఏమీ చేయలేదు. ఆ రాత్రి మా అమ్మ ఒక విస్తరాకులో అన్నం, అమ్మమ్మకు ఇష్టమైన గోంగూర పచ్చడి పెట్టి, ఎవరూ చూడకుండా పెరటి గోడ మీద ఉంచి వచ్చింది. నేను చూశాను. ఆమె నన్ను చూడలేదు. ఆ మాట ఆమెను ఎప్పుడూ అడగలేదు.

తప్పు అమ్మది కాదు, నాది. పిండం వద్దన్నాను గానీ, ఆ చోట ఏం చేయాలో చెప్పలేదు. దున్ని వదిలేసిన చేలో పాత కలుపే మొలుస్తుంది.

విశాఖ దుఃఖం

బుద్ధుని కాలంలో శ్రావస్తిలో విశాఖ అనే ఉపాసిక ఉండేది. ఆమె మామగారు మిగారుడు ఆమె వల్లనే ధమ్మంలోకి వచ్చి, కోడలిని తల్లిగా గౌరవించాడు. అందుకే ఆమెకు మిగారమాత అని పేరు. శ్రావస్తిలో పూర్వారామం కట్టించింది ఆమే. ఆమెకు పదిమంది కొడుకులు, పదిమంది కూతుళ్లు అని అట్ఠకథలు చెబుతాయి. మనవలు, మనవరాళ్లు ఎందరో.

ఉదాన గ్రంథంలో ఆమె గురించి ఒక సుత్తం ఉంది. ముద్దుల మనవరాలు చనిపోతే, విశాఖ తడి బట్టలతో, తడి జుట్టుతో మిట్టమధ్యాహ్నం బుద్ధుని దగ్గరికి వచ్చింది. శ్రావస్తిలో ఎంతమంది జనం ఉన్నారో అంతమంది పిల్లలు, మనవలు కావాలా అని ఆయన అడిగాడు. కావాలంది. శ్రావస్తిలో రోజుకు ఎంతమంది చనిపోతారని అడిగాడు. పదిమంది కావచ్చు, ఒక్కరే కావచ్చు, చావు లేని రోజు మాత్రం ఉండదంది. అలాగైతే నీ బట్టలు, నీ జుట్టు ఎప్పటికైనా ఆరతాయా అని అడిగాడు. ఆరవని ఆమే ఒప్పుకుంది.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఏడుస్తున్న అమ్మమ్మను బుద్ధుడు కసరలేదు. మనవరాలు స్వర్గంలో ఉందని అబద్ధపు ఓదార్పు ఇవ్వలేదు. ఏ కర్మకాండా చెప్పలేదు. అనిత్యం అనే సత్యాన్ని ఆమె నోటితోనే చెప్పించాడు. నేను మా మామయ్యతో మాట్లాడిన తీరుకూ దీనికీ ఎంత తేడా!

విశాఖ చెప్పిన కారణం

వినయ పిటకంలో ఇంకో సంఘటన ఉంది. విశాఖ బుద్ధుణ్ని ఎనిమిది వరాలు కోరింది. తనకోసం ఒక్కటీ కాదు. భిక్షువులకు వానాకాలపు వస్త్రం, కొత్తగా వచ్చేవారికీ ప్రయాణమై పోయేవారికీ భోజనం, రోగులకు పథ్యం, మందులు, రోగులకు సేవ చేసేవారికి అన్నం, రోజూ గంజి, భిక్షుణులకు స్నానవస్త్రం. ఇవి బతికున్నంతకాలం తానే ఇవ్వడానికి అనుమతి కావాలంది.

ఎందుకని అడిగితే ఆమె చెప్పిన మాట మనసులో పెట్టుకోవాలి. ఎక్కడో ఒక భిక్షువు చనిపోయాడని విన్నప్పుడు, ఆయన ఎప్పుడైనా శ్రావస్తికి వచ్చాడా అని తాను అడుగుతుందట. వచ్చాడంటే, తాను ఇచ్చినదేదో ఆయన వాడుకునే ఉంటాడని తలచుకుని సంతోషిస్తుందట. ఆ సంతోషంతో మనసు నిలకడ పొందుతుందట. చనిపోయినవారిని తలచుకోవడానికి విశాఖకు తెలిసిన దారి, చేసిన దానాన్ని తలచుకోవడమే.

పిల్లల బాధ్యత

దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం తల్లిదండ్రుల పట్ల పిల్లలకు ఐదు బాధ్యతలు చెబుతుంది. వారిని పోషించడం, వారి పనులు చేయడం, కుటుంబాన్ని నిలబెట్టడం, వారసత్వానికి తగినట్టు నడుచుకోవడం, వారు పోయాక వారి పేర దానం చేయడం. వరుస చూడండి. పోషించడం మొదటిది, చావు తర్వాతి దానం చివరిది. అమ్మ ఆకలి అమ్మ బతికుండగా తీర్చాలి.

ఈ దారి మన నేలకు కొత్త కాదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిఫలకం ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని శాసనంలో రాయించాడు. ఆ వరుసలో తల్లి ముందుంది.

బాబాసాహెబ్ తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే పోయింది. 1923లో వచ్చిన రూపాయి సమస్య గ్రంథాన్ని ఆయన తల్లిదండ్రుల స్మృతికి అంకితం చేశాడు. చదివించిన తల్లిదండ్రులకు చదువుతోనే నివాళి ఇచ్చాడు.

మనం చేయవలసినవి

1. ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే, వాళ్ల చావుకు ఏం చేయాలో వాళ్లతోనే మాట్లాడండి.

2. ఆ రోజు అందరూ కూర్చుని త్రిశరణ పంచశీలాలు తీసుకోండి. ఫోటోకు పూలు పెట్టండి. అది పూజ కాదు, గౌరవం.

3. ఆమె జీవితాన్ని పిల్లలకు చెప్పండి. ఎన్ని ఎకరాల్లో నాట్లు వేసింది, ఏం అమ్మి ఎవర్ని చదివించింది అన్నీ చెప్పండి. రాసి దాచండి.

4. ఆమె బతుకులో ఏ మంచి పని చేసిందో ఆ పనినే ఆమె పేర దానంగా చేయండి.

మరుసటి ఏడాది అమ్మమ్మ వర్ధంతికి మేం అదే చేశాం. వాడలో పదో తరగతి చదివే ఆడపిల్లల పరీక్ష ఫీజు కట్టాం. కడియాల కథ మా అమ్మే చెప్పింది. మామయ్య పొద్దున్నే వాకిట్లో కొత్త కుండ పెట్టి, నీళ్లు నింపి, గ్లాసు బోర్లించాడు. మిరపకోతకు పోయేవాళ్లు ఆగి తాగారు.

"మా అమ్మే పోసినట్టుందిరా" అన్నాడు మామయ్య.

ఈసారి నేను వాదించలేదు. ఆత్మగా తిరిగి రాలేదు నిజమే. చేసిన పనిగా మాత్రం అమ్మమ్మ ఆ వాకిట్లోనే ఉంది. ఆ రాత్రి పెరటి గోడ మీద విస్తరాకు లేదు.

చర్చకు ప్రశ్నలు

1. విశాఖ దుఃఖాన్ని బుద్ధుడు ఎలా ఎదుర్కొన్నాడు? మనం మన ఇంట్లో అలా మాట్లాడగలమా?

2. మీ అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ చేసిన మంచి పని ఒకటి చెప్పండి. దాన్ని ఇప్పుడు ఎవరు కొనసాగిస్తున్నారు?

నమో బుద్ధాయ! జై భీమ్!