చందమామ అసలు రంగు

పున్నమి చంద్రుడు మనకు పిడుగురాళ్ళ సున్నంలా తెల్లగా కనిపిస్తాడు. నిజానికి చంద్రుని నేల పాతబడిన తారురోడ్డులా ముదురు బూడిదరంగు. తనపై పడిన ఎండలో సుమారు 12 శాతమే తిప్పి పంపుతుంది. చుట్టూ నల్లని ఆకాశం ఉండటంతో అదే మనకు తెలుపుగా తోస్తుంది.

మరి నీలం, నారింజ రంగుల ఫోటోలు అబద్ధమా? కాదు. నేలలోని స్వల్పమైన రంగు తేడాలను కంప్యూటరులో పెంచి చూపుతారు. 1969లో అపోలో-11 దిగిన 'ప్రశాంత సముద్రం' వాటిలో నీలంగా ఉంటుంది. అది నీరు కాదు. అక్కడి నుంచి తెచ్చిన రాళ్ళలో టైటానియం ఎక్కువని తేలింది.

కనుక ఫోటోను గుడ్డిగా నమ్మవద్దు, కొట్టిపారేయనూ వద్దు. రంగు కంటికి కనిపించేదా, పెంచినదా అని అడుగుదాం. మన ఇళ్ళలో మొదట చదువుకున్నది మనమే. అమ్మానాన్నలకు సరిగ్గా చెప్పవలసినదీ మనమే.